నోరు పలకని మొదటి పుట

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పుట్టింట్లో అనేవారు. అత్తింటికి వచ్చాక అక్కడా అదే అన్నారు. రెండిళ్లవాళ్లూ ఏకమైన మాట అదొక్కటే. అయితే ఆ కోపమే లేకపోతే నేను పుస్తకం రాసేదాన్నే కాదు.

అప్పట్లో మేం పాలకొల్లులో ఉండేవాళ్లం. మా వారిది కాలువల ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. మా పెద్దవాణ్ణి కొత్తగా బళ్లో వేశాం. బళ్లో వాడికొక వాచకం ఇచ్చారు. ఒకనాటి సాయంత్రం వాడు అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా పొట్ట తడుముకుంటున్నాడు. ఏమైందిరా అని అడిగితే, "అమ్మా, నేనెప్పుడు పేలిపోతాను?" అన్నాడు. వాచకం తీసి చూద్దును కదా, మొదటి పుటలోనే దేహము నీటిబుడగ వంటిది అని ఉంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడికి చెప్పవలసిన మొదటి మాట అదా? నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రాసిన మహానుభావుడు ఎదురుపడితే నాలుగూ దులిపేద్దును. ఎదురుపడే యోగం లేదు గనక, నేనే ఒక పుస్తకం రాసి చూపిస్తానని వంటింట్లో గరిటె పట్టుకుని శపథం చేశాను.

నాకు చదువు చెప్పింది మా నాన్నగారు. కోనసీమలో మా ఊరి బడిపంతులు ఆయన. అన్నయ్యలకి పాఠం చెబుతుంటే పక్కన కూర్చుని వాళ్లకంటే ముందు నేను అప్పజెప్పేసేదాన్ని. వాళ్లని ఉడికించడానికే చదువుకున్నానని మా చిన్నన్నయ్య ఇప్పటికీ అంటాడు. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు.

కథ కోసం నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. సాయంత్రాలు మా పిల్లలకి ఒక మేకపిల్ల కథ చెబుతుండేదాన్ని. ఆ మేకపిల్ల పొరపాటున సంతకు పోయే పడవెక్కేస్తుంది. కాలువకి అడ్డంగా తలుపులు పెట్టి, నీటిమట్టం సమమయ్యేదాకా పడవలు ఆపే లాకుల దగ్గర దిగిపోతుంది. ఇక అక్కడినుంచి కాలువ గట్టు వెంట ఇంటిదారి వెతుక్కుంటూ నడుస్తుంది. దారిలో కొంగలు, వలలు ఆరేసుకునే బెస్తవాళ్లు, అరటిగెలల పడవలు. ఏ రోజు ఏది తోస్తే అది కలిపేదాన్ని. వీధిలో పిల్లలందరూ మా అరుగు మీదే చేరేవారు. అదే పుస్తకమైతే బావుంటుందని మా వారు అన్నారు. అనడమే కాదు, ఆఫీసు నుంచి వస్తూ మంచి కాయితాలూ, సిరాబుడ్డీ తెచ్చి నా ముందు పెట్టారు.

మా అత్తగారికి మొదట్లో నా రాతకోతల మీద ఏమంత గురి లేదు. పప్పు మాడనంతవరకూ ఏం చేసుకుంటావో చేసుకోమన్నారు. ఇలా ఉండగా మా వీధి చివరి ఇంట్లో పురాణకాలక్షేపం మొదలైంది. వచ్చిన పౌరాణికుడు ఏదో కావ్యం ఎత్తుకున్నాడు. మొదటి రోజంతా, ఆ కావ్యం అంకితం పుచ్చుకున్న జమీందారుగారి తాతముత్తాతల వర్ణనతోనే సరిపెట్టాడు. విన్నవాళ్లంతా కునికిపాట్లు పడుతూ ఇళ్లకి పోయారు. మా అత్తగారు మాత్రం తిరిగొచ్చి కాళ్లయినా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏమే, పుస్తకమంటే ముందు వంశం చెప్పాలటగా" అన్నారు. పెద్ద కావ్యాలకి అలాగే చెబుతారండి అన్నాను. నీ పుస్తకంలోనూ చెబుతావా అని అడిగారు. నేనేదో అనబోయేలోగా గొంతు తగ్గించి, "ఆయన పేరు అచ్చులో పడుతుందా?" అన్నారు.

ఆయన అంటే మా మావగారు. నేను కాపురానికి రాకముందే పోయారు. నా పెళ్లిలో నేను తలెత్తలేదు గనక ఆయన పాదాలు తప్ప నేనేమీ చూడలేదు. నాకు ఆయన తద్దినాల రోజున మాత్రమే తెలుసు. ఎండనక, వాననక ఊళ్లమ్మట తిరిగి పౌరోహిత్యం చేసిన మనిషి. ఎంతమంది పెళ్లిళ్లు చేయించారో, ఎందరి పిల్లలకి పేర్లు పెట్టారో లెక్కలేదు. ఆయన పేరు మాత్రం ఎక్కడా లేదు. కలిగినవాళ్లు రేవు మెట్ల మీద చెక్కించుకున్నారు, సత్రం గోడ మీద చెక్కించుకున్నారు. ఇంటికి సున్నం వేయించుకునే స్తోమతే లేని మనిషి పేరు ఎవరు చెక్కుతారు? ఆ బాధ మా అత్తగారి మనసులో ఎన్నాళ్లనుంచి ఉందో గాని, నా మేకపిల్ల పుణ్యమా అని ఆ రోజు బయటికి వచ్చింది.

ఆవిడ ఆ పేరు నోటితో ఎన్నడూ పలికి ఎరగరు. మా ఇళ్లల్లో మొగుడి పేరు పెళ్లాం అనకూడదు. అనుకోకుండా అంటే ఆయుష్షు తగ్గుతుందని భయం. ఆయన పోయాక ఇంకా భయమెందుకో నాకు తెలియదు, మా అత్తగారు అప్పటికీ అనేవారు కాదు. ఆయన పేరు కలిసే మాట కూడా అనేవారు కాదు. సోమవారాన్ని ఆదివారం మర్నాడు అనేవారు. మా ఇంట్లో పిల్లలకి వారాలు నేర్పడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

సరే, అలాగే రాస్తానన్నాను. మేకపిల్ల కథకి మా ఇంటి వంశం ఎందుకని ఒక్కసారైనా ఆలోచించానా అంటే, లేదు. అసలు పుస్తకమంటే అలాగే ఉండాలి కాబోలనుకున్నాను. పైగా మహా ఉత్సాహంగా రాశాను. పైన శ్రీకారం చుట్టి, విఘ్నేశ్వరుణ్ణి పిలిచి, సరస్వతిని పిలిచి, గోదావరికి ఒక నమస్కారం పెట్టి, మా మావగారి ముత్తాతగారి దగ్గర ఎత్తుకున్నాను. ఆయన సూర్యసమానుడు, ఆయన కుమారుడు చంద్రసమానుడు. మా మావగారి దగ్గరికి వచ్చేసరికి సూర్యచంద్రులిద్దరూ అయిపోయారు గనక ఆయన్ని సముద్రం చేశాను. అక్కడనుంచి ఈ గ్రంథమునందు పెక్కు నీతులు గలవు అని హెచ్చరించి, పుట అడుగున, ఒకానొక గ్రామమున ఒక మేకపిల్ల ఉండెను అని ముగించాను. కోడలి నోట కూడా పెద్దవాళ్ల పేర్లు రాకూడదు. కాని కలంతో రాస్తే తప్పేముంది? ఆ కిటుకు కనిపెట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

మా వారు ఆ పుట వాళ్లమ్మకి చదివి వినిపించారు. కొడుకు గనక ఆయన అనొచ్చు. మా అత్తగారు గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుని విన్నారు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి, మళ్లీ చదవరా అన్నారు. ఆయన మళ్లీ చదివారు. ఇంకోసారన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి, ఈ పుస్తకం ఎలాగైనా అచ్చు వేయించి తీరాలని అనుకున్నాను.

అచ్చు వేయించాలంటే రాజమండ్రి వెళ్లాలి. అక్కడ ఒక అచ్చుకూటంలో తప్పులు దిద్దే పండితులు ఒకాయన ఉండేవారు. అందరూ పంతులుగారనేవారు. ఆయన ఊఁ అంటే ఆ అచ్చుకూటంవారు అచ్చు వేస్తారు, లేదంటే లేదు. ఆయనకొక అలవాటుందని మా వారు వాకబు చేసి వచ్చారు. ఎంత పెద్ద గ్రంథమైనా మొదటి పుట ఒక్కటే తెమ్మంటారట. అది కూడా ఆయన కళ్లతో చూడరట, రాసినవాళ్లే పైకి చదవాలట. అదెంత భాగ్యం, నా గొంతు బాగానే ఉంటుంది కదా అనుకున్నాను. కాలువ మీద పడవలో పైకి వెళ్లి, గోదావరి దాటి, మేమిద్దరం రాజమండ్రి చేరాం. పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి వచ్చాం. మేం బయలుదేరేముందు ఆవిడ నా చేతిలోని కాయితాన్ని ఒకసారి కళ్లకద్దుకుని ఇచ్చారు.

పంతులుగారి ఇంటి వసారాలో తడి ఆరని అచ్చుకాయితాలు వడియాల గుడ్డల్లా తాళ్ల మీద వేలాడుతున్నాయి. ఆయన వాటి కింద చాప వేసుకుని కూర్చున్నారు. పక్కన పొడుం డబ్బీ. ఆడమనిషి పుస్తకం పట్టుకుని వచ్చినందుకు ఆశ్చర్యపోతారేమోనని నేను ముందే నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాను గాని, ఆయన ఆశ్చర్యపోలేదు. లోపలికి కేకేసి భార్యని పిలిచారు. ఆవిడ నన్ను గుమ్మం దగ్గర పీట మీద కూర్చోబెట్టి తనూ కూర్చున్నారు. పంతులుగారు ఒక పట్టు పొడుం పీల్చి, కళ్లు మూసుకుని, కానివ్వమ్మా అన్నారు.

దేవతలంతా చకచకా గడిచిపోయారు. గోదావరి కూడా బాగానే పారింది. ఆ తరవాత వంశం వచ్చింది. అక్కడ నా నోరు ఆగిపోయింది.

ఆ క్షణంలో గాని నాకు తట్టలేదు. రాయడం వేరు, చదవడం వేరు. మా మావగారి ముత్తాతగారి పేరు కాయితం మీద గుండ్రంగా, అందంగా ఉంది. అది నా నోట ఎలా వస్తుంది? గొంతు సవరించుకున్నాను. మంచినీళ్లడిగాను. తాగాను. పేరు అక్కడే ఉంది. చివరికి ధైర్యం చేసి, "అట్టి వంశమునందు మావయ్యగారి ముత్తాతగారు జన్మించిరి. వారికి మావయ్యగారి తాతగారు జన్మించిరి" అని లాగించాను. పంతులుగారు ఒక కన్ను తెరిచారు.

కాయితంలో అలాగే ఉందా అమ్మా అన్నారు. లేదండి అన్నాను. మరేముందన్నారు. నేను తల వంచుకుని ఆ పేరునే చూస్తున్నాను. ఆయన భార్యకి విషయం అర్థమైపోయింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "ఏంటండీ మీరు, ఆవిడ పేర్లెలా చెబుతుంది?" అన్నారు. మా వారు గబగబా ముందుకు వంగి, నేను చదువుతానండి అన్నారు. పంతులుగారు చెయ్యెత్తి ఆపారు.

"రాసింది మీరు కాదుగా బాబూ" అని, నావైపు తిరిగి, "అమ్మా, మీ ఇంట్లో మీ పిల్లలకి ఈ పుట ఎవరు చదివిపెడతారు?" అన్నారు.

నేను చదవలేను. మా అత్తగారికి చదువు రాదు, వచ్చినా చదవలేరు. మా వారు ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్లలు సగం నిద్రలో ఉంటారు. మా పిల్లల కోసం రాసిన పుస్తకంలో మొదటి పుట మా ఇంట్లో ఆడవాళ్లెవరూ పైకి చదవడానికి లేకుండా రాసుకున్నాను. ఇంత తెలివి ఇంకెవరికైనా ఉంటుందా?

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నాకు సిగ్గేస్తే వెంటనే కోపం వస్తుంది. జమీందార్ల పుస్తకాలకైతే వంశం ఉండొచ్చు, నా మేకపిల్ల పుస్తకానికి ఉంటే తప్పొచ్చిందా అని అడిగేశాను. మా వారు ఏవేవో సైగలు చేశారు, నేను చూడలేదు. పంతులుగారికి కోపం రాలేదు సరికదా, సంతోషించినట్టు కనబడ్డారు.

"మేకపిల్ల వంశం చెప్పండి, వింటాను. ఇది మేకపిల్ల వంశం కాదుగా" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. అయినా ముఖం మాడ్చుకునే కూర్చున్నాను. ఆయన కాయితం తీసుకుని, కలం సిరాలో ముంచి, పని మొదలుపెట్టారు. ఆ తరవాత చెప్పినవన్నీ నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. ఈ పుటలో ఇంతమంది పెద్దమనుషులు కూర్చున్నారు, ఒక్కరూ లేవరు, ఒక్కరూ నడవరు. పిల్లవాడు గుమ్మంలోంచి తొంగి చూసి వెనక్కి పారిపోతాడు అన్నారు. నీతులు గలవు అన్న వాక్యం మీద అడ్డంగా గీత కొట్టి, ఉంటే ఉండనివ్వండి, ముందే చెప్పి బెదిరించడం దేనికన్నారు. మేకపిల్లని కూడా వదల్లేదు. ఒకానొక గ్రామమున మేకపిల్ల ఉండెను. ఉంటే? ఏ గ్రామంలో లేదు? అది తప్పిపోతే బెంగపెట్టుకునేవాడెవడో అది చెప్పండి ముందు అన్నారు. వంశం కావాలనే ఉంటే పుస్తకం చివర వేసుకోండి, మొదటి పుటలో కదిలే ప్రాణి ఒకటి ఉండాలి, అది రాసుకుని రండి, అచ్చుకూటంవారికి నేను చెబుతాను అన్నారు. ఆయన భార్య మాకు భోజనం పెట్టి గాని పంపలేదు. వడ్డిస్తూ మధ్యమధ్య తనలో తను నవ్వుకుంటూనే ఉన్నారు.

పడవలో తిరిగి వస్తుంటే మా వారు హుషారుగా ఉన్నారు. పంతులుగారు కాదనలేదు కదా, చివర వేసుకోమన్నారు కదా అని ఆయన ధీమా. నేను మాత్రం ఆ కాయితాన్ని విప్పుతూ మడుస్తూ కూర్చున్నాను. కళ్లకద్దుకున్న కాయితాన్ని ఇలా గీతలతో తీసుకువెళ్లి ఆవిడకి ఏమని చెప్పను?

ఉన్నదున్నట్టే చెప్పాను. మా అత్తగారు అంతా విన్నారు. చివర వేస్తారన్న మాట దగ్గర మాత్రం తలెత్తి, "విస్తళ్లు ఎత్తేశాక ఆయన్ని భోజనానికి పిలుస్తావా?" అన్నారు. పోట్లాడి ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది, పోట్లాటలో నేను ఎవరికీ తీసిపోను. ఆవిడ పోట్లాడలేదు. తన పని తను చేసుకుంటూ, నాతో మామూలుగానే మాట్లాడుతూ, లోపల ఎక్కడో తలుపు వేసేసుకున్నారు.

మా వారు ఇంకో అచ్చుకూటం చూస్తానన్నారు. నేను వద్దన్నాను. పంతులుగారు చెప్పింది నిజమని నాకు తెలుసు. ఆ పుట అలాగే ఉంచితే పుస్తకం చచ్చిపోతుంది. తీసేస్తే ఆవిడ కోరిక చచ్చిపోతుంది. ఆవిడ నన్ను ఇన్నేళ్లలో కోరింది అదొక్కటే. మేకపిల్ల కోసం ఆవిడ మనసు కష్టపెట్టడానికి నాకు చేతులు రాలేదు. కాయితాలన్నీ కట్టకట్టి పెట్టెలో పడేశాను. నాలుగు రోజులు గిన్నెలు మాత్రం ఉండవలసినదానికంటే గట్టిగా చప్పుడు చేశాయి.

పిల్లలకి ఇవేమీ అక్కర్లేదు కదా. సాయంత్రమయ్యేసరికి అరుగు మీద చేరి మేకపిల్ల కావాలన్నారు. చెప్పక తప్పలేదు. మనసు లేకుండా మొదలుపెట్టాను. ఎప్పుడూ ఆ వేళకి పెరట్లో ఉండే మా అత్తగారు ఆ రోజు లోపలి గడప దగ్గర చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్నారు. పడవ లాకుల దగ్గర ఆగింది, మేకపిల్ల గట్టు మీదకి దిగిపోయింది అని నేను అన్నానో లేదో, లోపలినుంచి నవ్వు వినిపించింది. మా అత్తగారు అలా నవ్వడం నేను అంతకుముందు వినలేదు.

"దిగింది మేకపిల్ల కాదే. దిగింది ఆయన" అన్నారు.

నేను కథ ఆపేశాను. ఆవిడ చింతపండు చేట పక్కన పెట్టి అరుగు మీదకి వచ్చి, పిల్లల మధ్య చోటు చేసుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం మా మావగారి కథ నేను మొదటిసారి విన్నాను.

ఆవిడది మొగల్తూరు దగ్గర పల్లె. కాలువలు కొత్తగా తవ్విన రోజులవి. పడవల మీద పెళ్లివారు తరలి రావడం అప్పుడు గొప్ప వింత. మగపెళ్లివారు రెండు పడవల్లో బయల్దేరారు, ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. మధ్యాహ్నం ఎండలో లాకుల దగ్గర పడవలు ఆగాయి. పెద్దవాళ్లంతా భోజనాలు చేసి కునుకు తీస్తున్నారు. పెళ్లికొడుక్కి పన్నెండేళ్లుంటాయేమో. గట్టు మీద తుమ్మచెట్ల పొదలో ఒక మేకపిల్ల ఇరుక్కుని అరుస్తోంది. ఆయన పడవ దిగి వెళ్లారు. ముళ్లలోంచి దాన్ని తియ్యడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఈలోగా లాకు తలుపులు తెరిచారు, పడవలు కదిలాయి. మగవాళ్లు పిల్లవాడు ఆడవాళ్ల పడవలో ఉన్నాడనుకున్నారు. ఆడవాళ్లు మగవాళ్ల పడవలో ఉన్నాడనుకున్నారు.

పల్లెలో రేవు దగ్గర మేళాలు మోగుతున్నాయి. ఆడపెళ్లివారు పానకం బిందెలతో ఎదురొచ్చారు. రెండు పడవలూ ఖాళీ అయ్యాయి. పెళ్లికొడుకు ఏడీ? మగపెళ్లివారి పెద్దాయన పడవలో చాపలు కూడా ఎత్తి చూశారట. పానకం ఇచ్చేవాళ్లు ఎవరికివ్వాలో తెలియక బిందెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ముహూర్తం ముంచుకొస్తోంది. మేళంవాళ్లు ఆపమంటే ఆపారు, వాయించమంటే వాయించారు. అంతలో దూరంగా గడ్డి పడవ ఒకటి వచ్చింది. గడ్డి మీద, అంత ఎత్తున, ఒళ్లంతా ముళ్లు గీరుకుని, పెళ్లిబట్టలు చిరిగిపోయి, చంకలో మేకపిల్లతో పెళ్లికొడుకు కూర్చుని ఉన్నాడు.

"నేను గోడ పక్కనుంచి తొంగి చూశాను. ముందు మేకపిల్లనే చూశాను. ఆయన్ని తరవాత చూశాను" అన్నారు మా అత్తగారు.

పీటల మీద కూర్చున్నాక, తల మీద జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, పెళ్లికొడుకు ఎవరికీ వినపడకుండా, ఏడవకు, మేకపిల్ల నీకే అన్నాడట. పెళ్లికూతురు ఏడుపు ఆపేసిందట. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. మా పెద్దవాడు తరవాత మేకపిల్ల ఏమైందంటాడు, ఇంకొకడు గడ్డి పడవ ఎవరిదంటాడు. ఆవిడ అన్నింటికీ జవాబు చెప్పారు. తద్దినాల రోజున తప్ప నాకు తెలియని పెద్దమనిషి, గడ్డి మీద కూర్చుని మా అరుగు ముందు నుంచి వెళ్లినట్టనిపించింది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దాచుకోలేదు.

మర్నాడే పెట్టె తెరిచాను. ఈసారి సూర్యుడూ లేడు, చంద్రుడూ లేడు, సముద్రమూ లేదు. ఒక పిల్లవాడు పెళ్లికి బయలుదేరాడు. పెళ్లి వాడిదే. అయినా మేకపిల్ల అరిచేసరికి పడవ దిగేశాడు. అలా ఎత్తుకున్నాను. పుట నిండింది. పిల్లవాడి పేరు రావలసిన చోట కొంచెం జాగా వదిలాను. అక్కడ మా మావగారి పేరే పెట్టాలని నా ఆలోచన. వంశంలో కాకపోతేనేం, కథలోనే ఉంటుంది. మొదటి పుటలోనే అచ్చులో పడుతుంది. మా వారు భేషన్నారు. మా అత్తగారికి చెబితే, ఆవిడ ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. ఈసారి గోదావరి స్నానానికి నేనూ వస్తానన్నారు. స్నానం వంక అని నాకు తెలుసు. పిల్లల్ని పక్కింట్లో అప్పజెప్పి ముగ్గురం బయల్దేరాం.

పంతులుగారి వసారాలో అవే తాళ్లు, కొత్త కాయితాలు. మా అత్తగారు లోపల తలుపు చాటున కూర్చున్నారు. నేను చదివాను. ఎక్కడా ఆగలేదు. మంచినీళ్లడగలేదు. పంతులుగారు పొడుం వేళ్ల మధ్య పట్టుకున్నారు గాని పీల్చడం మరిచిపోయారు. పుట అయిపోయింది.

"ఊఁ, తరవాత?" అన్నారు కళ్లు తెరవకుండానే.

మొదటి పుట ఒక్కటే తెమ్మన్నారు కదండీ అన్నాను. ఆయన భార్య ఫక్కున నవ్వారు. పంతులుగారు కాయితం తీసుకుని చూశారు. ఇక్కడ జాగా ఎందుకు వదిలారని అడిగారు. మా మావయ్యగారి పేరు పెడదామనుకున్నానండి, మా అత్తయ్యగారి కోరిక అన్నాను. ఆయన తల ఊపారు. కదిలే మనిషికి పేరుంటే నాకేం అభ్యంతరం లేదు, నిక్షేపంలా పెట్టుకోండి అన్నారు. మా వారు కలం అందుకున్నారు.

"వద్దండి" అని తలుపు చాటునుంచి వినిపించింది.

అందరం అటు తిరిగాం. మా అత్తగారు పరాయి మగవాళ్లతో మాట్లాడటం నేను ఎరగను. ఆవిడ తలుపు పట్టుకుని, ముసుగు ముందుకు లాక్కుని, నెమ్మదిగా అన్నారు.

"పేరు పెడితే ఈ కథ నేను పిల్లలకి చెప్పలేనండి. పిల్లాడు అని వదిలేస్తే, బతికినన్నాళ్లూ చెప్పుకోవచ్చు."

ఆ పిల్లవాడెవరో పంతులుగారికి అప్పుడు తెలిసింది. మా వారి చేతిలోంచి కలం తీసుకుని, నేను వదిలిన జాగా మీద చిన్న గీత గీసి అటూ ఇటూ ఉన్న రెండు మాటల్నీ కలిపేశారు. అచ్చుకి ఇచ్చేయండి అని కాయితం మా వారి చేతికిచ్చారు. మా వారు తండ్రి పేరు పడని ఆ కాయితాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

తిరుగు ప్రయాణంలో గోదావరి దాటుతుంటే, పడవలో పక్కన కూర్చున్న ముసలావిడ ఎవరో, ఏ ఊరమ్మా మీది అని మా అత్తగారిని అడిగింది. ఆవిడ ఊరి పేరు చెప్పి ఊరుకోలేదు. కాళ్లు ముడుచుకుని, ఆ ముసలావిడవైపు సర్దుకుని కూర్చుని, "ఒక పిల్లాడుండేవాడమ్మా" అని మొదలుపెట్టారు.